ముప్పై ఒక్క కార్డులు

ఇల్లు, ముందు గది
ఫిబ్రవరి 9

బావమరిదికి,

మీ అక్క పోయి మూడు నెలలు దాటింది. నిన్న ఆమె కుట్టుపెట్టె తెరిచాను. నీ పేరు రాసిన చీటీ చుట్టి కత్తెర ఒకటి ఉంది. పెద్దది, నల్ల పిడులది. దాంతో కాగితం కత్తిరించబోయి ఎన్ని చీవాట్లు తిన్నానో నీకు తెలుసు. పంపాలో, వచ్చి తీసుకుంటావో రాయి.

ఫోన్ చేయకు. రెండుసార్లు చేశావు. ఇద్దరం "ఊఁ", "ఊఁ" అనుకుని పెట్టేశాం. ముప్పై ఆరేళ్ళు పోస్టాఫీసులో రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గర కూర్చున్నవాణ్ణి. కాగితం మీద ఉన్నదే నాకు అర్థమవుతుంది.

ఆస్పత్రిలో ఉన్న పద్దెనిమిది రోజులూ తలుపు చప్పుడైతే చాలు, అటు చూసేది. నువ్వు రాలేదు. సెలవు దొరకలేదన్నావు. ఎందుకు దొరకలేదని అడగను.

ఇక్కడ అంతా మామూలే. వంటింట్లో కుళాయి కారుతోంది.

మీ బావ

*

మూడో అంతస్తు, వంటగది బల్ల
ఫిబ్రవరి 24

బావగారికి నమస్కారాలు.

కత్తెర మాట రెండుసార్లు చదివాను. నాకు సూది పట్టడం నేర్పింది అక్కే. వేలు గుచ్చుకుని ఏడిస్తే, "ఏడువు, కానీ కుట్టు వంకర పోనివ్వకు" అనేది. ఆ కుట్టే నాకు ఈ దేశంలో అన్నం పెట్టింది.

అడగనన్నారు. అయినా చెప్పాలి. సెలవు దొరకలేదన్నది అబద్ధం. సెలవివ్వడానికి కంపెనీ ఉంటే కదా! బస్సు సీట్లు కుట్టే మా వర్క్‌షాపు మూసేసి మూడేళ్ళు కావస్తోంది. నా వీసా ఆ ఉద్యోగం మీద ఇచ్చింది. దాని గడువు అక్టోబరు పద్నాలుగుతో అయిపోయింది. మొన్నటి అక్టోబరు కాదు, దాని ముందుదీ కాదు, ఆ ముందుది. రెండేళ్ళ నాలుగు నెలలు.

వెళ్ళిపోవాల్సింది. సోమవారం టికెట్ తీసుకుందామనుకున్నాను. పై సోమవారం అనుకున్నాను. గడువు దాటిన మర్నాడు భయంభయంగా లేచి కిటికీలోంచి చూశాను. ఏమీ జరగలేదు. బస్సులు తిరుగుతున్నాయి, ఎదురింటావిడ బట్టలు ఆరేస్తోంది. అదే నన్ను ముంచింది బావగారూ. ఏదన్నా జరిగుంటే బాగుండేది.

ఇంకోటి. నాకు పెళ్ళయింది. జనవరిలో, రిజిస్ట్రారు ఆఫీసులో. ఆమె సిటీ బస్సు డ్రైవరు. ఇక్కడే పుట్టింది, ఇక్కడి పౌరురాలు. వాళ్ళ అమ్మానాన్నా మనవాళ్ళే, కాబట్టి నన్ను తిట్టడానికి భాష సమస్య లేదు. ఎలా పరిచయమంటే, ఒకరోజు యూనిఫాంతో వర్క్‌షాపులోకి వచ్చి, "పన్నెండో నంబరు బస్సులో డ్రైవర్ సీటు కుట్టింది ఎవడు?" అని అరిచింది. నేనేనన్నాను. "నడుం దగ్గర ముడి వేసి వదిలేశావు. ఎనిమిది గంటలు అది గుచ్చుకుంటూనే ఉంటుంది. నువ్వొచ్చి కూర్చో ఓసారి" అంది. వెళ్ళి కూర్చున్నాను. నిజమే, గుచ్చుకుంది. అలా మొదలైంది.

మూడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఇప్పుడు ఆమె భర్తగా నేనిక్కడ ఉండిపోవడానికి దరఖాస్తు పెట్టాలి. అది కాగితాల కోసం చేసుకున్న పెళ్ళి కాదని చూపించాలి. మా సంగతి మూడేళ్ళుగా మీకు తెలుసని, కుటుంబమంతా ఒప్పుకుందని ఒక ఉత్తరం రాసిస్తారా? మీలాంటివారు రాస్తే బరువుంటుంది.

మీ బావమరిది

*

ఇల్లు, ముందు గది
మార్చి 8

బావమరిదికి,

తెలియనిది తెలుసని రాయను.

పెళ్ళి సంగతి సంతోషం. మీ అక్కకు ముందే చెప్పి ఉంటే ఆమె కూడా సంతోషించేది. ఆ అవకాశం పోయింది.

కౌంటరు దగ్గరికి వచ్చినవాణ్ణి ఫారం సరిగా లేదని తిప్పి పంపేటప్పుడు, ఏది సరిగా లేదో చెప్పి పంపాలి. అది నా పద్ధతి. కాబట్టి అడుగుతున్నాను. ఆ దేశంలోకి నువ్వు పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకునే వెళ్ళావా? లాయరును కలిశావా, ఎవరో చెప్పిన మాట మీద నడుస్తున్నావా? ఒకే ఇంట్లో ఉన్నారన్నావు, ఆ ఇంటి కాగితాల్లో నీ పేరు ఏదో ఒకదాని మీద ఉండాలి కదా. ఉందా?

గడువు అంటే ఏమిటో నీకు చెప్పాల్సిన వయసు కాదు. సాయంత్రం నాలుగున్నరకు కౌంటరు మూసేవాణ్ణి. నాలుగు ముప్పై ఒకటికి మా పెద్దాఫీసరు వచ్చినా తీసుకోలేదు. మీ అక్కకు అది నచ్చేది కాదు. అయినా నలుగురిలో చెప్పుకునేది.

మీ బావ

*

మూడో అంతస్తు
మార్చి 25

బావగారికి,

తిడతారనుకున్నాను. ప్రశ్నలడిగారు. ఆ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపిస్తే, "మీ బావగారు మా డిపోలో ఉండాల్సిన మనిషి" అంది. అది మెచ్చుకోలే.

ముద్ర వేయించుకునే వచ్చాను. అదే నా అదృష్టమని లాయరమ్మ అంది. ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో ఉంటుంది, మంగళవారాలు మాత్రం. చూడ్డానికి చిన్నపిల్లలా ఉంటుంది, మాట మాత్రం మీ మాటలాగే ముక్కుసూటిగా ఉంటుంది. ఆమె చెప్పిందిది. దేశం వదిలి వెళ్ళి బయటి నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ ఏడాదికి మించి గడువు దాటినవాడు ఒకసారి బయటికి అడుగు పెడితే పదేళ్ళ నిషేధం పడుతుంది. దాన్ని సడలించమని మళ్ళీ వేరే అర్జీ, నేను లేకపోతే భార్యకి ఎంత కష్టమో రుజువులు, అది ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పలేరు. రెండోది, ఇక్కడే ఉండి పెట్టడం. సక్రమంగా లోపలికి వచ్చి, పౌరురాలిని పెళ్ళాడాను కాబట్టి గడువు దాటిన తప్పును మన్నించే వీలుంది. పెళ్ళి నిజమైనదని తేలాలి, దాటిన సంగతి మనమే చెప్పాలి. "దాటడం మన్నిస్తారు, దాచడం మన్నించరు" అంది. ఇవి రెండూ కాదంటే నోరు మూసుకుని ఇలాగే బతకడం. దరఖాస్తు పెట్టాక వాళ్ళు కాదంటే వెంటనే పంపించేయనూవచ్చు.

ఇక ఇంటి కాగితాలు. అక్కడే వచ్చింది చిక్కు. నా గడువు దాటాక, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని మా ఆవిడ నా పేరు ఎక్కడా పడనివ్వలేదు. అద్దె పత్రం ఆమెది. కరెంటు, ఫోను, బ్యాంకు, అన్నీ ఆమెవే. కింద తపాలా పెట్టె మీద కూడా ఆమె పేరొక్కటే. నన్ను ఎంత జాగ్రత్తగా దాచిందంటే, ఇప్పుడు చూస్తే నేను లేనేలేను. ఫైలు చూసి లాయరమ్మ, "ఇంత చక్కగా మాయమైన మొగుణ్ణి నేనింతవరకు చూడలేదు" అంది. మా ఆవిడకి నవ్వు రాలేదు. ఇంటికొచ్చాక తపాలా పెట్టె ముందు చాలాసేపు నిలబడింది.

రెండో దారిలోనే దరఖాస్తు పెట్టాం. జూన్ పన్నెండున ఇంటర్వ్యూ. ఈలోగా ఏదైనా దొరకాలి. మా వీధి చివర ఒక ఏజెంటున్నాడు. అన్నీ తను చూసుకుంటానంటున్నాడు.

అక్క సంగతి రాశారు. దాని గురించి మరోసారి రాస్తాను.

మీ బావమరిది

*

ఇల్లు, కుట్టుమిషను దగ్గర
ఏప్రిల్ 10

బావమరిదికి,

మిషనుకు నూనె వేద్దామని కూర్చున్నాను. ఎవరూ కుట్టకపోయినా నూనె వేయాలనేది. కింది సొరుగు పట్టేసింది. గట్టిగా లాగితే ఊడి వచ్చింది. లోపల రబ్బరు బ్యాండు వేసిన కట్ట.

అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు. చెల్లెమ్మకు తెలియకపోవచ్చు, చెప్పు. రిజిస్టరు చేసిన పార్శిలుతో పాటు ఒక గులాబిరంగు కార్డు వెళ్తుంది. అందుకున్నవారు దాని మీద సంతకం, తేదీ వేస్తే, రెండు చోట్ల ముద్రలతో పంపినవారికి తిరిగి వస్తుంది. మన ఇంట్లోంచి ఏది వెళ్ళినా ఆ కార్డు లేకుండా వెళ్ళకూడదని పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను. "రెండు చొక్కాలు పంపడానికి కూడానా? ఏం చాదస్తమండీ!" అని బతికినన్నాళ్ళూ వెక్కిరించింది.

లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. మొదటిది మూడేళ్ళ కిందటి మార్చి. ఆఖరిది మొన్న సెప్టెంబరు. నెలకొకటి, ఒక్క నెలా తప్పలేదు. నీ పేరు, కింద కేరాఫ్ అని ఒక ఆడమనిషి పేరు, మీ మూడో అంతస్తు చిరునామా. సంతకాలు పంతొమ్మిది నీవి. పన్నెండు వేరేవారివి. గుండ్రటి చేతిరాత, చివర గీత పైకి లేస్తుంది. అది చెల్లెమ్మదని అనుకుంటున్నాను.

మీ అక్కకు మొదటి నుంచీ తెలుసు.

అన్నిటి మీదా స్టేషను పక్క పోస్టాఫీసు ముద్ర ఉంది. మన వీధి ఆఫీసులో నన్ను ఎరగనివారు లేరు. అందుకని అంత దూరం నడిచి వెళ్ళింది. మా పోస్టుమాన్ పదకొండింటికి వస్తాడు. రిటైరయ్యాక నన్ను రోజూ పదిన్నరకు లైబ్రరీకి తరిమేది. నడక మంచిదంటే నా ఆరోగ్యం కోసమనుకున్నాను. ఒకసారి నడుముకు పెట్టుకునే దిండు కుట్టింది. ఎవరికి అంటే, "నడుమున్నవాళ్ళకి" అంది. అది కూడా నీ దగ్గరికే వచ్చి ఉంటుంది.

నా దగ్గర దాచింది. కానీ నా పద్ధతిలోనే దాచింది. తేదీల వరుస తప్పలేదు. ఒక్క కార్డూ మడత పడలేదు. ఏ ముద్రా అలుక్కుపోలేదు. గుమాస్తా ఎదుట నిలబడి సరిగా వేయించుకుంటే తప్ప ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ అలా పడవు. ఆ సంగతి నాకు తెలుసు. మా ఆఫీసులో ఎవరూ ఇంత బాగా దాచలేదు.

మీ లాయరుకు చెప్పు. ఒకే ఇంటి గుమ్మంలో రెండున్నరేళ్ళ పాటు ఇద్దరి సంతకాలు. రెండు దేశాల తపాలా శాఖలు సాక్షి. పంపుతాను.

మీ బావ

*

మూడో అంతస్తు
ఏప్రిల్ 28

బావగారికి,

ఉత్తరం చదివి మా ఆవిడ వంటగదిలో రెండు చప్పట్లు కొట్టింది. లాయరమ్మ కుర్చీలోంచి లేచింది. "ముప్పై ఒకటా? ముద్రలతోనా?" అని రెండుసార్లు అడిగింది. ఆ గుండ్రటి సంతకం మా ఆవిడదే. దిండు ఇప్పటికీ పన్నెండో నంబరు బస్సులోనే ఉంది, వేరే డ్రైవరు ముట్టుకుంటే ఒప్పుకోదు.

అవును, అక్కకి అన్నీ తెలుసు. మీకు చెప్పొద్దంది. తప్పు నాది.

ఒక చిన్న సంగతి. ఏజెంటు కార్డుల మాట విని ఎగిరి గంతేశాడు, కానీ ఒకటి తీసేయమన్నాడు. ఎనిమిదోది. అక్టోబరు పదిహేడున నేను సంతకం చేసింది. గడువు దాటిన మూడో రోజు. అతను నా కోసం ఒక ఆస్పత్రి సర్టిఫికెట్ తయారు చేయించాడు. ఆ నెలంతా నేను ఆస్పత్రిలో ఉన్నాననీ, లేవలేక ప్రయాణం తప్పిపోయిందనీ ఉంటుంది. అది చూపిస్తే ఎందుకు దాటావని అడిగేవాళ్ళే ఉండరట. గుమ్మంలో నిలబడి పార్శిలు తీసుకున్న సంతకం ఉంటే మాత్రం ఆ కాగితం చెల్లదు.

ముప్పై పంపండి చాలు. ముప్పై ఒకటైనా ముప్పై అయినా మాకు ఒకటే కదా. దయచేసి.

మీ బావమరిది

*

ఇల్లు
మే 9

బావమరిదికి,

ముప్పై ఒకటి పంపుతాను. లేదా ఒక్కటీ పంపను.

ఆస్పత్రి అనే మాట నువ్వు వాడకు. అక్కడ పద్దెనిమిది రోజులున్నది మీ అక్క. రానిది నువ్వు.

బావ

*

మూడో అంతస్తు
మే 20

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీకు నేను రాయడం ఇదే మొదటిసారి. మన భాషలో రాత సరిగా రాదు, మా అమ్మ ఇంట్లో నేర్పినంతే. తప్పులుంటే దిద్దుకోండి.

మీ చిన్న ఉత్తరం ఆయన చదివి జేబులో పెట్టుకున్నారు. ఐదో రోజు నేను జేబులోంచి తీసి చదివాను. తర్వాత ఆస్పత్రి సర్టిఫికెట్ తీసుకుని ఏజెంటు దగ్గరికి వెళ్ళి, అతని బల్ల మీదే నాలుగు ముక్కలు చేసి వచ్చాను. "మీ ఆయన్ని పంపించేస్తారమ్మా, ఏడుస్తావ్" అన్నాడు. "ఏడిస్తే నా మొగుడి కోసం ఏడుస్తా, నీ కాగితం కోసం కాదు" అన్నాను. రోజూ వందలమందిని ఎక్కించుకుని నడిపేదాన్ని అన్నయ్యగారూ. ఒక్కరోజు కూడా తప్పుడు బోర్డు పెట్టి బస్సు నడపలేదు.

ముప్పై ఒకటీ పంపండి.

ఇంకో మాట. మీరు రాసిన "రానిది నువ్వు" అన్నది న్యాయం కాదు. అది మీకు తెలియక రాశారు. ఆయన పెట్టె సర్దుకున్నారు. నేనే టికెట్ కొన్నాను. వెళ్తే మళ్ళీ రానివ్వరని ఇద్దరికీ తెలుసు, అయినా కొన్నాను. బయల్దేరే ముందు రోజు వదినగారి ఉత్తరం వచ్చింది. దాన్ని మీకు చూపించొద్దని ఆయన ఒట్టు పెట్టుకున్నారు. నేను పెట్టుకోలేదు. దీంతో పంపుతున్నాను.

మీ చెల్లెలు

(జత చేసిన కాగితం)

ఒరేయ్ పిచ్చుకా,

నర్సమ్మ చేత పోస్టు చేయిస్తున్నాను. రిజిస్టరు లేదు, కార్డూ లేదు. మీ బావకు తెలిస్తే నా ప్రాణం కంటే ముందు దాని గురించి బాధపడతారు.

నువ్వు బయల్దేరకు. వస్తే నన్ను నాలుగు రోజులు చూస్తావు. ఆ పిల్లను పదేళ్ళు చూడవు. నాకు కావలసినంత నిన్ను చిన్నప్పుడే చూసేశాను. ముక్కు కారుతుంటే తుడిచింది నేనే. కొత్తగా చూడాల్సిందేం లేదు.

మీ బావకు చెప్పకు. చెబితే రమ్మనీ అనలేరు, వద్దనీ అనలేరు. నలిగిపోతారు. ఆయన నీ మీద కోపంగా ఉండటమే నయం. కోపముంటే నిలబడతారు, వేళకు తింటారు. కొన్నాళ్ళయ్యాక నువ్వే చెప్పు. ఆయన ముందు నా ఉత్తరంలో తప్పులు దిద్దుతారు, తర్వాత అర్థం చేసుకుంటారు. ఎప్పుడూ అంతే. కానీ అర్థం చేసుకోకుండా ఉండరు.

నలభై ఏళ్ళుగా నేను గొప్ప చెప్పుకున్నవి రెండే. నీ కుట్టు, ఆయన నిజం. రెండూ వంకర పోనివ్వకు.

కత్తెర నీది. కాగితం కత్తిరించనివ్వకు.

అక్క

*

ఇల్లు, ముందు గది
జూన్ 1

చెల్లెమ్మకు, బావమరిదికి,

నీ రాతలో తప్పుల్లేవమ్మా. మీ వదిన రాసినదాంట్లో రెండున్నాయి. దిద్దలేదు.

ఆమె అది రాసిన రోజు నాకు జ్ఞాపకముంది. "కళ్ళజోడు ఇంట్లో మరిచాను, తెచ్చిపెట్టండి" అంది. రెండు బస్సులు మారి ఇంటికి వెళ్ళాను. ఇల్లంతా వెతికినా దొరకలేదు. తిరిగి వచ్చేసరికి పెట్టుకుని కూర్చుని ఉంది. "దిండు కిందే ఉందండీ, నా మతిమరుపు" అంది. ఆమెకు ఎప్పుడూ మతిమరుపు లేదు.

తలుపు వైపు చూసేదని రాశాను. నీ కోసం ఎదురు చూస్తోందనుకున్నాను. నువ్వు వచ్చేస్తావేమోనని భయపడిందన్నమాట. పద్దెనిమిది రోజులు పక్కన కూర్చుని తప్పు చదివాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కార్డులు పంపుతున్నాను. రిజిస్టర్డు. ముప్పై ఒకటి. ఎనిమిదోది ఎనిమిదో స్థానంలోనే ఉంది. దాంతో నా వాంగ్మూలం ఉంది. నోటరీ ముందు సంతకం చేశాను. ఇదీ అందులో ఉన్నది:

"నేను ముప్పై ఆరేళ్ళు తపాలా శాఖలో రిజిస్ట్రేషన్ గుమాస్తాగా పనిచేశాను. ఈ దంపతుల సంగతి ఈ ఏడాది ఫిబ్రవరి వరకు నాకు తెలియదు. నిరుడు చనిపోయిన నా భార్యకు మూడేళ్ళ కిందటి నుంచే తెలుసు. ఆమె నాకు చెప్పలేదు. అందుకు ఆమెకు తగిన కారణం ఉంది. జత చేసిన ముప్పై ఒక్క కార్డులు ఆమె స్వయంగా పంపిన పార్శిళ్ళకు చెందినవి. మా ఊరి ముద్రలు అసలైనవని నా ఉద్యోగానుభవంతో ధ్రువీకరిస్తున్నాను. మిగిలినది కార్డులే చెబుతాయి."

ఇంటర్వ్యూలో అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పు. అడిగినది పూర్తిగా చెప్పు.

మీ బావ

*

మూడో అంతస్తు, వంటగది బల్ల
జూన్ 14

బావగారికి,

మొన్న ఇంటర్వ్యూ అయింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

చిన్న గది. కిటికీ లేదు. సన్నటి ఆఫీసరు, ముందు మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టాడు. మంచానికి ఎవరు ఏ పక్కన పడుకుంటారు, ఇంట్లో పగిలిన వస్తువేది, ఇలాంటివి. మంచం ప్రశ్నకి మా ఆవిడ, "తలుపు పక్క నేను. మొదటి బస్సు నాది, ఆయన్ని తొక్కుకుంటూ దిగలేను కదా" అందిట. తర్వాత ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టాడు.

కార్డుల కట్ట విప్పి బల్ల మీద వరుసగా పేర్చాడు. ఒక్కటీ వదలకుండా చూశాడు. బల్ల చాల్లేదు, ఆఖరి నాలుగూ కుర్చీ మీద పెట్టాడు. మీ వాంగ్మూలం చదివి తలెత్తాడు.

"ఈ సాక్షి తనకేమీ తెలియదని రాశాడు."

"అవునండీ."

"తెలియదని ప్రమాణం చేసిన సాక్షిని నేనిప్పటిదాకా చూడలేదు."

"మా బావగారండీ" అన్నాను. చెప్తుంటే ఛాతీ కొంచెం పొంగింది, అబద్ధమెందుకు.

తర్వాత ఎనిమిదో కార్డు మీద వేలు పెట్టాడు. మా పక్కన కూర్చున్న లాయరమ్మ కలం ఆగిపోయింది.

"ఇది అక్టోబరు పదిహేడు. మీ గడువు పద్నాలుగుతో అయిపోయింది. సంతకం ఎవరిది?"

"నాదేనండీ."

"ఆ రోజు ఆరోగ్యం బాగాలేదా?"

బావగారూ, తలుపు తీసి పెట్టినట్టే అడిగాడు. అవునంటే సరిపోయేది. మా ఆవిడ నా వైపు చూడలేదు, ఎదురుగా గోడకేసి చూస్తోంది, బస్సు నడిపేటప్పుడు చూసినట్టు.

"బాగానే ఉందండీ. వెళ్ళాల్సింది, వెళ్ళలేదు. ఈమెను వదిలి వెళ్తే మళ్ళీ రానిస్తారో లేదోనని భయం. రేపు, ఎల్లుండి అనుకుంటూ దాటబెట్టాను. ఆ పార్శిల్లో మా అక్క కుట్టిన చొక్కా వచ్చింది. ఇప్పుడు తొడుక్కున్నది అదే."

ఆయన నా చొక్కా చూశాడు. "చేతులు పొట్టిగా ఉన్నాయి" అన్నాడు.

"అక్క నన్ను చూసి తొమ్మిదేళ్ళయిందండీ. కొలత గుర్తున్నంతవరకు కుట్టింది."

ఏదో రాసుకున్నాడు. కార్డులు మళ్ళీ తేదీల వరుసలోనే సర్ది, రబ్బరు బ్యాండు వేసి, నకళ్ళు తీయించి అసలువి చేతికిచ్చాడు. "జాగ్రత్తగా దాచండి" అన్నాడు. అంతే. ఉత్తరం వస్తుందన్నాడు. అవుననీ లేదు, కాదనీ లేదు.

బయటికి వచ్చాక మా ఆవిడ మెట్ల మీద కూర్చుంది. "పంపించేస్తే?" అన్నాను. "పంపిస్తే నీతో పాటు నేనూ వస్తా. మీ బావగారి ఊళ్ళో బస్సులు లేవా ఏంటి?" అంది.

మీ బావమరిది

*

మూడో అంతస్తు
ఆగస్టు 3

బావగారూ,

వచ్చింది! మొన్న గురువారం. నాలుగు పేరాల ఉత్తరం, మూడో పేరాలో ఉంది అసలు మాట. గడువు దాటిన తప్పు మన్నించారు. ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. పోస్టుమాన్ వచ్చేసరికి ఆమె డ్యూటీలో ఉంది. స్టాపు దగ్గర నిలబడి పన్నెండో నంబరు ఆపాను. కాగితం అద్దానికి అంటించి చూపించాను. హారన్ ఎంతసేపు కొట్టిందంటే, ముందు సీటులో పెద్దాయన "ఎవరు పోయారమ్మా?" అని అడిగాడు. "ఎవరూ పోలేదు, మా ఆయన ఉన్నాడు" అంది.

సాయంత్రం కింద తపాలా పెట్టె మీద నా పేరున్న రేకు కూడా పెట్టింది. మరలు మళ్ళీ ఊడకుండా బిగించింది.

వచ్చే నెల నుంచి డిపోలో సీట్లు కుట్టే పని. ప్రయాణానికి వీలిచ్చే కాగితం వచ్చాక ఇద్దరం మీ దగ్గరికి వస్తాం. ఇంకో ఆర్నెల్లు పట్టొచ్చు. కత్తెర మాత్రం అప్పటిదాకా ఆగలేదు, పంపించండి. మొదటి సీటు దాంతో కత్తిరిస్తాను. కార్డులు ముప్పై ఒకటీ రిజిస్టరు చేసి పంపుతున్నాను. అవి ఉండాల్సిన చోటు మీ సొరుగే.

మీ పిచ్చుక

*

ఇల్లు, కుట్టుమిషను దగ్గర
సెప్టెంబరు 11

ఒరేయ్ పిచ్చుకా,

ఈ పేరుతో పిలవడం నాకు అలవాటు లేదు. పిలిచేవారు లేరు కాబట్టి పిలుస్తున్నాను.

ఎనిమిదో కార్డు ముందు నువ్వు చెప్పిన జవాబును మూడుసార్లు చదివాను. కుట్టు వంకర పోలేదు. ఆమె ఉంటే వీధి వీధంతా చెప్పేది. నాకు అలా చెప్పడం రాదు. లైబ్రరీలో ఒకాయనకు చెప్పాను. పాత సహోద్యోగి ఒకడికి చెప్పాను. స్టేషను పక్క పోస్టాఫీసుకు వెళ్ళి, ఆ కౌంటర్లో ఉన్న గుమాస్తాకు కూడా చెప్పాను. "ఆ అమ్మా? ముద్ర సరిగా పడకపోతే కదిలేవారు కాదండీ" అన్నాడు.

కుళాయి బాగు చేయించాను. పై గది తుడిపించాను. ఆర్నెల్లంటే ఎంతో కాదు. పదిన్నరకు లైబ్రరీకి వెళ్ళడం మానేశాను. పోస్టుమాన్ వచ్చే వేళకు ఇంట్లోనే ఉంటున్నాను.

ముప్పై ఒకటీ అందాయి, సొరుగులో పెట్టాను. నేను జూన్‌లో పంపినదాని కార్డు ముప్పై రెండోది, చెల్లెమ్మ సంతకంతో. కత్తెరది నిన్న వచ్చింది. సంతకం గీత మీద రెండు సంతకాలున్నాయి. నీది, పక్కనే గుండ్రటి రాతలో చెల్లెమ్మది. చోటు చాలక చివర గీత ముద్ర మీదికి ఎక్కింది.

అందుకున్నవారు ఒక్కరే సంతకం చేయాలని నిబంధన. ఉద్యోగంలో ఉండగా ఇలాంటి కార్డులు ఎన్ని తిప్పి పంపానో లెక్కలేదు.

దీన్ని వరుసలో ముప్పై మూడోదిగా పెట్టాను. అందినట్టు రాసుకున్నాను.

మీ బావ